హక్కును, దాని హద్దును

మేము ఈ పాఠశాలను విడిచి, న్యాయవాదవృత్తి నవలంబించి ముప్పదియేండ్లు దాటినవి. మా పని పొలముగట్ల తగాదాలను గూర్చినది గాదు. కంటికి గనబడని ఆస్తిని గూర్చినది. ఒకడు తన బుద్ధిచే క్రొత్తవస్తువును కల్పించినచో, దాని నితరు లనుకరింపకుండ 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము వానికి దరఖాస్తునాటినుండి 20 ఏండ్లు హక్కు నిచ్చును. అందులకు బదులుగా అతడు తన యుక్తిని దాచక వ్రాసి యీయవలెను. గడువు తీరిన పిమ్మట అది యెల్లరి సొత్తు. వర్తకులు కూడబలుకుకొని ధరలు నిర్ణయింపరాదని 2002వ సంవత్సరపు కాంపిటీషను చట్టము శాసించును. ఒకటి గుత్తహక్కు నిచ్చునది. వేరొకటి గుత్తను శంకించునది. ఈ రెంటినడుమనే మా జీవితము గడచినది.

పూర్వ మొక చిన్న కర్మాగారపు యజమాని, వేరుసెనగకాయ లొలుచు యంత్రమున కొక క్రొత్త జల్లెడను కనిపెట్టి మాయొద్దకు వచ్చెను. దాని నింకను ఎవ్వరికిని జూపలేదని విని సంతోషించితిమి. ముందే అంగట నమ్మియుండినచో హక్కు దక్కెడిది కాదు. కొన్నియేండ్లకు పేటెంటు లభించెను. ఆనాడాయన కండ్లనీరు పెట్టుకొనెను.

ఆయన వ్యాపారము వృద్ధిచెందినది. 2014లో మరల వచ్చి, తానును మరి నలుగురు యంత్రనిర్మాతలును ఒకేధరకు అమ్ముటకై ఒడంబడిక వ్రాసి యిమ్మని కోరెను. మేము వలదంటిమి. అట్టి ఒడంబడిక సాగిన ప్రతియేటికిని లాభమునకు 3 రెట్లవరకు జుల్మానా పడవచ్చునని తెలిపితిమి.

“హక్కును తెచ్చి యిచ్చినవారు మీరే. ఇప్పుడు నా చేతులు గట్టువారును మీరేనా?” యని ఆయన కోపగించెను.

మేము 2012 మార్చినాటి సంగతి చెప్పితిమి. బేయరు కంపెనీవారి క్యాన్సరు ఔషధ మొకటి నెలకు సుమారు 2,80,000 రూపాయలుండెను. పేటెంటు అధికారి దానిని తయారుచేయుటకు హైదరాబాదులోని నాట్కో కంపెనీకి అనుమతి నిచ్చి, ధర 9,000 రూపాయలకు లోపుగా నుంచెను. అమ్మకములపై నూటికి 6 వంతున బేయరువారికి చెల్లింపు మనెను. బేయరువారి పేటెంటు రద్దు కాలేదు. దాని హద్దుమాత్రము తెలిసినది. “అయ్యా, మీ హక్కు జల్లెడమీద నున్నది, రైతు మూటమీద లేదు” అంటిమి.

ఆయన తన కాగితములను దీసికొని వెడలిపోయెను. మరల రాలేదు. మా కాతడే పెద్ద కక్షిదారు; ఆ నెల గుమాస్తా జీతమునకు అప్పు చేసితిమి. ఆయన కోపము న్యాయమేమో యని పలురాత్రులు తలపోసితిమి. అయినను ఆ ఒడంబడిక మా చేతివ్రాతతో లేకుండుట మాకు నెమ్మది.

బాలబాలికలారా, పరీక్షలో మీ జవాబును పొరుగువాడు చూచి వ్రాయకుండ చేయి అడ్డము పెట్టుకొనుడు, అది న్యాయమే. వాని కలమునే పట్టుకొనుట న్యాయము గాదు. ఇన్నియేండ్లు న్యాయస్థానములలో మేము వాదించిన దింతే.