ఖాళీ కాగితం మీద దస్తఖత్

మొన్న జుమ్మా అయ్యాక మసీదు బయట ఒక దోస్త్ అడిగాడు, "భాయ్, పాత బండి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి పెద్దది తీసుకుందామనుకుంటున్నా, ఎట్లుంటది?" అని. మంచిగనే ఉంటది అన్నాను. అని ఊరుకోకుండా, చెప్పులు వేసుకుంటూ అక్కడే నిలబడి అరగంట నా బండి కథంతా చెప్పాను. ఇంట్లో బిర్యానీ చల్లారిపోతోందని అతని ముఖంలో తెలుస్తూనే ఉంది, అయినా వదల్లేదు. అదే కథ ఇప్పుడు మీకు. తొందరుంటే తినేసి వచ్చి చదవండి.

నా మొదటి బండి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. 2005లో నల్లగొండలో కొన్నాను. నల్లది, ట్యాంకు మీద ఊదా రంగు పట్టీలు, ఏపీ 24తో మొదలయ్యే నంబరు. అప్పటికి నాకు నౌకరీ దొరికి కొన్ని నెలలే. కిస్తీల మీద తీసుకుంటానంటే అబ్బా ఒప్పుకోలేదు. "సూద్ కట్టి సవారీ చేసుడెందుకు రా? ఇంకో ఆర్నెల్లు సైకిల్ తొక్కు, కాళ్లేం అరిగిపోవు" అన్నారు. తొక్కాను. ఆర్నెల్ల తర్వాత నేను దాచింది సగం, అబ్బా ఇచ్చింది సగం కలిపి, నలభై వేల చిల్లర నగదుగా లెక్కపెట్టి తెచ్చుకున్నాం. అమ్మీ గేటు దగ్గర నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టబోతే అబ్బా కోప్పడి, వెనక మడ్‌గార్డు మీద ఆకుపచ్చటి 'మాషా అల్లాహ్' స్టిక్కర్ అంటించారు. కొంచెం వంకరగా అంటుకుంది. తీసి మళ్లీ అంటిస్తే చిరిగిపోతుందని అట్లనే ఉంచాం.

అబ్బా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. అబ్బా దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర వేపచెట్టు కింద చిన్న మేజా వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా జనాల కాగితాలు రాశారు. చదువుకున్నది ఉర్దూలో, రాసింది తెలుగులో. తూర్పు హద్దు ఫలానా వారి చెలక, పడమర బండ్ల బాట అంటూ రాసి, రాత అయిపోయిన చోట మిగిలిన ఖాళీ జాగా మీద అడ్డంగా ఒక గీత గీసేవారు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "ఖాళీ జాగా ఉంచితే షైతాన్ వచ్చి కూసుంటడు బేటా" అన్నారు. ఇంట్లో కిరాణా చిట్టీ రాసినా కింద గీత ఉండాల్సిందే.

ఇక ఆ స్ప్లెండర్ మా ఇంటికి ఏమేం మోసిందో లెక్క లేదు. నా నిఖా అయ్యాక మా బేగం వెనక కూర్చుని మొదటిసారి నల్లగొండ బజారు చూసింది దాని మీదే. పెద్దబిడ్డ ట్యాంకు మీద, చిన్నోడు మా ఇద్దరి నడుమ, ఈద్‌కి నలుగురం ఈద్గాకి వెళ్లింది దాని మీదే. అవును, నలుగురం. అప్పట్లో మమ్మల్ని ఎవరూ ఫొటో తీయలేదు. లతీఫ్ సాబ్ గుట్ట కింది దాకా ఉర్సుకి, పొలం గట్ల మీద, గోధుమలు పిండి పట్టించడానికి, రంజాన్‌లో సెహరీకి పాలు తేవడానికి. పెట్రోలు అయిపోతే ఎడమ చేత్తో కింద కాక్ రిజర్వుకు తిప్పడం, అదీ అయిపోతే బండిని ఎడమ పక్కకు ఒంచి ట్యాంకులో అటు పక్కన నిలిచిన చుక్కల్ని ఇటు తెచ్చుకోవడం, ఆ తరానికి చెప్పక్కర్లేదు.

అన్నింటికంటే ఎక్కువ అది మోసింది అబ్బానే. నేను హైదరాబాద్ మారాక కూడా వారానికోసారి ఊరికి వెళ్లేవాణ్ని. జుమ్మాకి అబ్బాను జామా మసీదుకు తీసుకెళ్లడం నా పని. అబ్బాకు మోకాళ్ల తక్లీఫ్. కానీ స్ప్లెండర్ సీటు చూశారుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా బల్లలాగా ఉంటుంది, ఎత్తు తక్కువ. నేను రెండు కాళ్లూ గట్టిగా ఆనించి పట్టుకుంటే, నా భుజం పట్టుకుని "బిస్మిల్లాహ్" అని ఎక్కేవారు. ఆయన కోసమే సీటుకు గోధుమరంగు రెగ్జిన్ కింద ఇంకో పొర స్పాంజి కుట్టించాను.

మరి ఎందుకు మార్చావంటే, రోడ్డు. మలక్‌పేట నుంచి బయల్దేరి ఎల్బీనగర్, హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, అక్కడ హైవే దిగి నల్లగొండ. పోను వంద కిలోమీటర్లు, రాను వంద. విజయవాడ హైవే నాలుగు లైన్లు అయ్యాక బస్సుల స్పీడు పెరిగింది గానీ నా 97 సీసీ స్పీడు పెరగలేదు. పెద్ద బస్సు పక్కనుంచి పోతే ముందు గాలి బండిని తోస్తుంది, బస్సు దాటాక లోపలికి గుంజుతుంది. ఒక సాయంత్రం చౌటుప్పల్ దాటాక అట్లనే తోస్తే మట్టిలోకి దిగిపోయాను. అల్హందులిల్లాహ్, పడలేదు. ఇంటికొచ్చి ఆ మాట నోరు జారి చెప్పాను, ఆ రోజు నుంచి మా బేగం పట్టుబట్టింది: బరువైన బండి తీసుకో, లేదంటే బస్సులో పో.

నిజం చెప్పాలంటే నాకూ మనసులో ఉంది. బుల్లెట్ చప్పుడు వింటే తల తిప్పని మగాడు మా తరంలో ఎవడు? అబ్బా దగ్గరికి పోవడానికేనని అందరికీ చెప్పాను. అద్దంలో చూసుకున్నప్పుడు మాత్రం ఆ మాట అనుకోలేదు.

2018లో దోస్తులం పదిమందిమి కలిసి వేసుకున్న వేలం లేని చిట్టీ నా వంతుకు వచ్చింది. దానికి దాచుకున్నది కలిపి క్లాసిక్ 350 బుక్ చేశాను. షోరూం కుర్రాడు నా స్ప్లెండర్ చుట్టూ ఒకసారి తిరిగాడు, సైలెన్సర్ దగ్గర వంగి చూశాడు, పద్నాలుగు వేలు అన్నాడు. పదమూడేళ్లకు పద్నాలుగు వేలు. బేరం ఆడలేదు. అటువైపు నా కొత్త బండి మీద ప్లాస్టిక్ కవరు తీస్తున్నారు, నా చూపంతా అటే ఉంది. కుర్రాడు ఫారం 29, ఫారం 30 అని కాగితాలు పెట్టి, పెన్సిల్‌తో ఇంటూ మార్కులు వేసిన చోటల్లా సంతకం పెట్టమన్నాడు. కొనేవాడి పేరు ఖాళీ. తేదీ ఖాళీ. "మేం నింపుకుంటం సార్" అన్నాడు. ముప్పై ఏళ్లు ఖాళీ జాగాల మీద గీతలు గీసిన మనిషి కొడుకుని, ఆరు చోట్ల దస్తఖత్ పెట్టి తాళం చేతులో పెట్టాను. వెనక్కి తిరిగి బండిని ఒకసారి చూశానో లేదో కూడా యాద్ లేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కొత్త బండి సంగతి: దాదాపు 190 కిలోలు, స్టాండు తీసేటప్పుడే ఎవరు మాలికో అర్థమవుతుంది. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు తొక్కుడే. దీంట్లో మొదటిది కిందికి, మిగతావన్నీ పైకి. నెల రోజులు పెద్ద గేరు వేయబోయి చిన్న గేరు తొక్కి, బండి కక్కుకుని ఆగి, వెనక బేగం హెల్మెట్ నా హెల్మెట్‌కి టంగుమని తగిలేది. హైవే మీద మాత్రం షుకర్, బస్సు పోతే పోయిందని తెలిసేది, అంతే. రెండు వందల కిలోమీటర్లు తిరిగొచ్చినా నడుము నా మాట వినేది.

మొదటి జుమ్మాకి నల్లగొండ తీసుకెళ్లాను. గల్లీ పిల్లలంతా మూగారు. అబ్బా బయటికొచ్చి "మాషా అల్లాహ్, ఏనుగును తెచ్చినవ్" అన్నారు. వుజూ చేసుకుని, టోపీ పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు. కాలెత్తారు. ఆ వెనక సీటు వేరే ముక్క, ఎత్తుగా ఉంటుంది, వెడల్పు కూడా. కాలు అందలేదు. రెండోసారి ఎత్తారు. మోకాలు దగ్గర ఆగి, పళ్లు బిగబట్టి దించేశారు. "నువ్వు పో బేటా, నేను ఆటోలొస్త" అన్నారు. ఏ మనిషి కోసం పెద్ద బండి కొన్నానని చెప్పానో ఆ మనిషి ఆటోలో మసీదుకొచ్చారు, నేను ఆటో వెనకాల బుల్లెట్ మీద మెల్లగా వచ్చాను.

మరుసటి సంవత్సరం చలాన్లు మొదలయ్యాయి. ఫోన్‌లో మెసేజ్: హెల్మెట్ లేదు, 135 రూపాయలు. నేను ఎప్పుడూ పెట్టుకుంటానే అనుకుని తెరిచి చూస్తే, ఫొటోలో ఉన్నది నా స్ప్లెండర్. చాంద్రాయణగుట్ట చౌరస్తా. గోధుమరంగు సీటు, వంకర స్టిక్కర్, వెనక రెండు పక్కలా రేకు డబ్బాలు. ముందు ఖుషీ అయింది, దాచడమెందుకు? తప్పిపోయిన మేక కనపడ్డట్టు. కట్టేశాను. ఇంకోటి వచ్చింది, అదీ కట్టాను. మూడోది ముగ్గురు ఎక్కినందుకు, 1235. ఒక మగమనిషి, వెనక బురఖాలో ఆడమనిషి, నడుమ బిడ్డ తలకాయ కొంచెం కనపడుతోంది.

ఆ ఫొటో తీసుకెళ్లి అబ్బాకు చూపించాను, నవ్వుతారనుకుని. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మరి చలాన్ నీకెందుకొచ్చింది?" అన్నారు. చెప్పాను. "కాగజ్ కరాయా కీ నై?" చెప్పాను, ఖాళీ ఫారాల సంగతి కూడా. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "అప్పు ఇచ్చినా తీసుకున్నా రాసుకోండని అల్లాహ్ ఖురాన్‌లో అన్నింటికంటే పొడుగు ఆయత్ దింపిండు. నువ్వు ఆరు సంతకాలు పెట్టి ఒక్క అక్షరం రాయకపోతివి" అన్నారు. సూరా బఖరాలోని 282వ ఆయత్ సంగతి అది. నా పెళ్లినాటి మాటలు మరచిపోయాను గానీ ఈ మాట మరచిపోలేదు.

వకీలు పని చేసే మా మామూ కొడుకు మిగిలిన భయం పెట్టాడు. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీయేకి తెలియజేయాలట, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50. పేరు మారకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే, నష్టపరిహారం రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్ల మీదికే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పిందట, మధ్యలో ఎన్ని చేతులు మారినా సరే. చలాన్లు చూసి ఖుషీ పడ్డ మనిషికి ఆ రాత్రి నిద్ర లేదు.

షోరూం వాళ్లు బ్రోకర్ నంబరు ఇచ్చారు. బ్రోకర్ మూడు వారాలు తిప్పి, చివరికి ఒక నోటుబుక్కు తిరగేసి కొన్నవాడి నంబరు ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఆ మనిషి గొంతు వణికింది, బండి గుంజుకోవడానికి వస్తున్నాననుకున్నాడు. వెళ్లాను. బేకరీ నుంచి బన్నులు, బిస్కెట్లు చాయ్ హోటళ్లకు వేసే పని. రేకు డబ్బాలు అవే. బ్రోకర్‌కి ఇరవై రెండు వేలు ఇచ్చాడట. "ఏడాది నుంచి కాగజ్ అడుగుతున్న భాయ్. రేపు, ఎల్లుండి అంటడు. పోలీసు ఆపినప్పుడల్లా మీ పేరు చెప్పాలె. దొంగబండి అంటరేమోనని ఇంటామె ఎక్కాలంటే భయపడుతది" అన్నాడు. ఇన్సూరెన్స్ కూడా లేదు. నేను పోగొట్టుకున్నది నిద్ర ఒక్క రాత్రిది. ఈయన ఏడాది నుంచి పొద్దున నాలుగింటికి అదే భయంతో కిక్కు కొడుతున్నాడు. నా దస్తఖత్‌ల పుణ్యం. మాఫ్ చేయమని అడిగాను. అతను చాయ్ తెప్పించాడు, ఒక బన్ను డబ్బాలోంచి తీసి ఇచ్చాడు.

ఆ తర్వాత పనంతా రొటీనే. ఇన్సూరెన్స్ చేయించాడు, పొల్యూషన్ తీయించాడు, బాకీ చలాన్లు సగం సగం కట్టుకున్నాం, స్లాట్ బుక్ చేసి ఇద్దరం బండ్లగూడ ఆర్టీయే ఆఫీసుకు వెళ్లాం. కొత్త ఫారాలు, ఈసారి ప్రతి గడీ నేనే నింపాను. బయటికొచ్చాక "ఒక రౌండు కొట్టండి భాయ్" అని తాళం ఇచ్చాడు. సీటు మీద కూర్చుంటే చిన్నప్పటి స్కూలు బెంచీ మీద కూర్చున్నట్టుంది. మొదటి గేరు పడింది. రెండోదానికి నా కాలు, అడగకుండానే, కింది నుంచి పైకి లేపింది. న్యూట్రల్. బండి ఉత్తగా గర్జించింది, వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. అతను దూరం నుంచి చెయ్యి ఊపుతూ అరిచాడు: "నీచే భాయ్, నీచే!" నా బండి గేర్లు నాకు నేర్పిస్తున్నాడు.

ఆ వారం కాపీలు తీసుకుని నల్లగొండ వెళ్లాను. అబ్బా అన్నీ చదివారు, ఫారం 29 రెండు ప్రతులూ ఇచ్చావా అని అడిగారు, కొన్నవాడి అడ్రసు వేలు పెట్టి చదివారు. చివరి జిరాక్సులో కింద మిగిలిన తెల్లటి జాగా మీద జేబులోంచి పెన్ను తీసి అడ్డంగా గీత గీసి నా చేతికిచ్చారు.

అసర్ అజాన్ అయింది. ఆటో పిలుస్తానంటే మా చిన్నోడు "దాదా, అరుగు ఎక్కు, నాన్న బండి ఇటు తెస్తడు" అన్నాడు. ఇంటి ముందు అరుగు. ఏడాదిగా నా బుర్రకు తట్టలేదు. బండిని అరుగుకు ఆనించి ఆపాను. అబ్బా మెట్టెక్కి, అరుగు మీది నుంచి నా భుజం పట్టుకుని, కాలు అవతలికి వేసి కూర్చున్నారు. "బిస్మిల్లాహ్" అన్నారు. మసీదు గల్లీ మలుపు దాకా ఏమీ మాట్లాడలేదు. మలుపు దగ్గర నా చెవి దగ్గరికి వంగి అడిగారు:

"ఎంతిస్తది ఇది?"

"ముప్పై అయిదు."

"అది అరవై ఇచ్చేది" అన్నారు.