సూర్యాపేట దారిలో ఓ అక్క కథ

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కేవాళ్ళలో చాలామందికి సూర్యాపేట అంటే టీ తాగడానికి బస్సు ఆగే ఊరు. కోదాడ అంటే ఇక ఆంధ్రా దగ్గరికొచ్చేశామన్న గుర్తు. పక్కకి తిరిగితే వచ్చే మిర్యాలగూడ అంటే బియ్యం. ఈ మూడు ఊళ్ళనీ ఒక్కసారి తీరిగ్గా చూసి రావాలనుకుంటే, సంచిలో పులిహోర పొట్లంతో పాటు ఒక పుస్తకం కూడా పెట్టుకోండి. పేరు ‘నా మాటే తుపాకి తూటా’. మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ.

పేరు చూసి మనకెందుకులే అనుకోకండి. ఈ కథ మొదలయ్యేది బియ్యం దగ్గరే.

స్వరాజ్యం గారు 1931లో పాత సూర్యాపేట తాలూకాలోని కరివిరాల కొత్తగూడెంలో, బాగా కలిగిన భూస్వాముల ఇంట పుట్టారు. చిన్నతనంలోనే గోర్కీ ‘అమ్మ’ నవల చదివారు. ఆంధ్ర మహాసభ పిలుపు విని, పదకొండేళ్ళ వయసులో వెట్టిచాకిరీ చేసేవాళ్ళకి తమ ఇంటి బియ్యం పంచిపెట్టారు. పరదాల మధ్య పెరగాల్సిన పిల్ల అలా గడప దాటింది! ఆ తర్వాత 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళ నాయకురాలయ్యారు. ఉయ్యాల పాటల వరసలో దొరల మీద పాటలు కట్టి ఊరూరా పాడారు. అడవి పల్లెల్లో ‘రాజక్క’ అనే మారుపేరుతో తిరిగారు. పట్టిచ్చినవాళ్ళకి పదివేల రూపాయలిస్తామని ప్రకటించినా దొరకలేదు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2022 మార్చి 19న కన్నుమూశారు.

ఆ పోరాటంలో తిరిగిన మగవాళ్ళు చాలామంది తర్వాత కలం పట్టారు. రావి నారాయణరెడ్డి గారు తన అనుభవాలు రాశారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పోరాట చరిత్రనే పెద్ద గ్రంథంగా 1972లో తెచ్చారు. తారీఖులు, తీర్మానాలు, దాడులు తెలుసుకోవాలంటే అవి చదవాల్సిందే. కానీ దళానికి అర్ధరాత్రి అన్నం వండిపెట్టిందెవరు? పోలీసులొస్తే వాకిట్లో నిలబడి మాట మార్చిందెవరు? అది తెలుసుకోవడానికి స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆడవాళ్ళ దగ్గరికే వెళ్ళి, చెప్పించుకుని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకం వేశారు. స్వరాజ్యం గారి ఆత్మకథ కూడా ఆమె చెబుతుండగా విమల, కాత్యాయని గార్లు రాసి పెట్టిందే. 2019లో అచ్చయ్యేనాటికి ఆమెకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఇక ఊళ్ళ సంగతి. సూర్యాపేట పాత పేరు భానుపురి. 2016లో జిల్లా కేంద్రమైంది. ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు అక్కడ ఉన్నాయి. నల్లరాతి స్తంభాల నునుపు చేత్తో తడిమి చూడాల్సిందే. వాటిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. రాణిగారు కాబట్టి ఆమె పేరు రాతి మీద నిలిచింది. మామూలు ఇల్లాలి పేరు నిలవాలంటే మాత్రం ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్ళే దారి కళ్ళకి చల్లగా ఉంటుంది. ఎటు చూసినా వరి మళ్ళే. ఇదంతా నాగార్జునసాగర్ ఎడమ కాలవ చలవ. ప్రాజెక్టుకి 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. పుస్తకంలోని రోజుల్లో ఈ కాలవ లేదు. వెట్టివాడి ఇంట్లో వరన్నం అంటే పండగే. ఇప్పుడు మిర్యాలగూడలో వరసగా రైసు మిల్లులు! ఈ ఊరు 1971, 1984, 1991 ఎన్నికల్లో పార్లమెంటుకి పంపింది స్వరాజ్యం గారి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి గారినే. ఆ పార్లమెంటు స్థానం 2008 పునర్విభజనలో రద్దయింది. ఓపికుంటే వాడపల్లి కూడా చూసి రండి. కృష్ణలో మూసీ కలిసే చోటు, అగస్త్యేశ్వరుడి గుడి ఉన్నాయి. ఎండలు మండిపోయే ప్రాంతం కాబట్టి కార్తీకం నుంచి మాఘం లోపు పెట్టుకుంటే హాయి.

దారిలో ఏ పల్లెలోనైనా అరుగు మీద ముసలమ్మ కనిపిస్తే కాసేపు కూర్చుని పలకరించండి. 1948లో పదిహేనేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటాయి. అంతదూరం వెళ్ళలేకపోయినా ఫరవాలేదు, మీ ఇంట్లో అత్తగారో అమ్మమ్మో ఉంటారుగా! ఆవకాయ కొలతలు అడిగి రాసుకునే ఆ నోటుబుక్కులోనే, కరువులో ఇల్లెలా గడిపారో, ఎవరికి భయపడ్డారో, ఎవరికి అన్నం పెట్టారో కూడా అడిగి రాసుకోండి. పైన తారీఖు వెయ్యడం మర్చిపోవద్దు. ఆ పని రేపటికి వాయిదా వెయ్యొద్దు.