గుమ్మం మీది యంత్రనేత్రం

యోగక్షేమమనే జంటపదాన్ని తెలుగువారు ఉత్తరం మొదట్లో కుశలప్రశ్నగా వాడి వదలివేస్తారు. శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో దీనిని విడదీసి చెప్పారు: లేనిదాన్ని పొందటం యోగం, పొందినదాన్ని రక్షించుకోవటం క్షేమం. మొదటిది ముగిసినచోట రెండవది మొదలవుతుంది. నిద్ర తగ్గేదీ అక్కడే. యోగసూత్రాలకు వ్యాసభాష్యం అపరిగ్రహాన్ని వివరిస్తూ విషయాలలో ఐదు దోషాలను లెక్కిస్తుంది: ఆర్జనం, రక్షణం, క్షయం, సంగం, హింస. ఆర్జనంలో కష్టమున్నదని అందరూ అంగీకరిస్తారు. రక్షణ కూడా దోషాల వరుసలో చేరటం కొత్త పాఠకునికి వింతగా తోస్తుంది. ఇల్లు కట్టుకొన్న గృహస్థునికి మాత్రం వింత కాదు.

విజయవాడ నుండి బందరు పోయే రహదారి మీది ఉయ్యూరులో అటువంటి గృహస్థు ఒకరున్నారు. విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు, వయస్సు డెబ్బై దాటింది. ఇంట్లో ఆయన, సహధర్మచారిణి, ఇద్దరే. కుమారుడు డల్లాసులో, కుమార్తె హైదరాబాదులో. కృష్ణా డెల్టాలో ఇది విశేషం కాదు. ఏ వీధిలో చూచినా పిల్లలు సముద్రాలు దాటిన ఇళ్ళు కనిపిస్తాయి. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు జరిగేటప్పుడు ఊరు అపరిచిత ముఖాలతో నిండిపోతుంది. ఎండాకాలపు మధ్యాహ్నాలలో వీధిలో కుక్క తప్ప కదలిక ఉండదు. దొంగకు రెండు కాలాలూ అనుకూలమే.

కుమారుడు నిరుడు వచ్చినప్పుడు నాలుగు కెమెరాలు పెట్టించి వెళ్ళాడు: వీధి గేటుకొకటి, పెరటికొకటి, మేడమెట్ల దగ్గర ఒకటి, హాలులో ఒకటి. చిత్రాలు ఇంట్లోని పెట్టెలో నిక్షిప్తమవుతాయి. నిండగానే పాతవాటి మీద కొత్తవి వచ్చి చేరుతాయి. కదలిక ఉంటే అతని ఫోనుకు సందేశం వెళుతుంది. మొదటి నెలలో వెళ్ళిన సందేశాలలో అత్యధికం బల్లులవి, సాలెపురుగులవి. రాత్రివేళ కటకం చుట్టూ వెలిగే పరారుణ దీపాల ముందు పురుగులు మూగుతాయి, వాటికోసం సాలీడు అక్కడే గూడు కడుతుంది, ఆ దారం గాలికి ఊగినప్పుడల్లా యంత్రం దొంగ వచ్చాడంటుంది. ఉయ్యూరులో రాత్రి ఒకటిన్నర అయ్యేసరికి వేసవిలో డల్లాసులో అంతకుముందు రోజు మధ్యాహ్నం మూడు. కార్యాలయంలో పని చేసుకొంటున్న కుమారుడు ఉలిక్కిపడి ఫోను చేస్తాడు. నిద్రపోతున్న తండ్రి ఉలిక్కిపడి లేస్తాడు. దొంగ లేడు. ఇద్దరి నిద్రా, పనీ మాత్రం పోయాయి.

ఈ యంత్రం పుట్టుకలో కూడా ఒంటరితనపు భయమే ఉన్నది. న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, భర్తతో కలిసి, తలుపు అవతల ఎవరున్నారో లోపలి తెరమీద చూపే పరికరాన్ని రూపొందించి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1969లో అది మంజూరయింది. వేళకాని వేళలో ఇంట్లో ఒంటరిగా ఉండవలసిరావటమే ఆమెకు ప్రేరణ. అక్కడ చూచేది ఇంట్లో ఉన్న వ్యక్తి, చూడబడేది బయటివాడు. అరవై ఏళ్ళు గడిచేసరికి ఆ దిశ తలక్రిందులయింది. నేడు చూచేవాడు ఇంట్లో లేడు, చూడబడేవారు ఇంట్లో ఉన్నవారు.

అయినా ఈ యంత్రాన్ని తృణీకరించటం అన్యాయం. ఉపాధ్యాయులవారు దీని పక్షాన చెప్పే మొదటి ఉదాహరణ మృచ్ఛకటికం. మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని గోడకు కన్నం వేస్తాడు, కొలతాడు మరచి యజ్ఞోపవీతంతోనే కొలుచుకొంటాడు, వసంతసేన దాచమన్న నగలు ఎత్తుకుపోతాడు. తెల్లవారి చారుదత్తుడు కన్నంలోని పనితనాన్ని మెచ్చుకొంటాడు కూడా. ఆయన కుంగిపోయింది సొమ్ము పోయినందుకు కాదు, జరిగింది చెబితే ఎవరూ నమ్మరని. పేదవాని సత్యానికి సాక్ష్యం లేదు. ఆ రాత్రి ఆ గోడమీద ఒక యంత్రనేత్రం ఉండి ఉంటే ధూతాదేవి రత్నహారం ఇంట్లోనే ఉండేది. నిర్దోషికి సాక్షిగా నిలవటం కెమెరాకు గల ఉత్తమప్రయోజనం. దొంగను పట్టించటం దాని తరువాతిది.

రెండవది మరింత బలమైనది. కార్తీకంలో ఒక ఉదయం సహధర్మచారిణి దేవాలయానికి వెళ్ళగా ఆయన హాలులో కాలుజారి పడ్డారు. లేవలేకపోయారు. ఫోను అందలేదు. పది నిమిషాలలో డల్లాసు నుండి పొరుగింటికి ఫోను వచ్చింది, పొరుగువారు వచ్చి లేవదీశారు. తుంటి బెణికింది, ఎముక విరగలేదు. కెమెరా లేకపోతే ఆమె తిరిగివచ్చేవరకు గంటన్నర ఆ నేలమీదనే. వృద్ధుల ఇంట్లో భయం దొంగకంటె నున్నని పలకరాయికే ఎక్కువ అన్న సంగతి కెమెరాలు అమ్మేవారు చెప్పరు. కుమారునికి మాత్రం తెలుసు. అతనిని అతిశంకాపరుడని తీసిపారవేయటం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక రెండవ పళ్ళెం. అదే హాలు కెమెరాలో, పడిపోయిన రెండు వారాలకు, ఇంట్లో పనిచేసే ఆమె ఒక స్టీలు డబ్బా సంచిలో పెట్టుకోవటం కుమారుడు చూచాడు. "నాన్నగారూ, ఒకసారి సామాను చూచుకోండి" అన్నాడు. డబ్బాలో ఉన్నది మాగాయ. ఇంటి ఇల్లాలు వంటింట్లో తన చేతులతో పెట్టి ఇచ్చినది. వంటింట్లో కెమెరా లేదు. ఇచ్చిన చేయి కనబడలేదు, పుచ్చుకొన్న చేయి కనబడింది. ఫోను స్పీకరులో ఉండటంచేత ఆ మాట ఆమె చెవిని పడనే పడింది. రెండు రోజులు పనికి రాలేదు. మూడవనాడు వచ్చి డబ్బా కడిగి గట్టుమీద పెట్టి, "నన్ను అమెరికా నించి గూడా చూస్తన్నారంట గదండీ అమ్మగారూ" అన్నది. పధ్నాలుగేళ్ళుగా ఆ ఇంటి తాళంచెవి ఉన్నది ఆమె దగ్గరనే.

రజ్జుసర్పభ్రాంతిలో కంటి దోషం లేదని వేదాంతం చెబుతుంది. కన్ను చూచింది పొడవైన, వంకరటింకర వస్తువునే. దానిమీద పామును ఆరోపించింది మనస్సు. యంత్రం కూడా అంతే. డబ్బా సంచిలోకి వెళ్ళిన మాట సత్యం. దొంగతనం అన్నది అధ్యాస. అయితే తాడు విషయంలో దీపం తెస్తే భ్రాంతి తొలగుతుంది, తాడుకు ఏ బాధా ఉండదు. ఇక్కడ తాడుకు మనస్సున్నది. భ్రాంతి తొలగిన తరువాత కూడా దాని గాయం మిగిలింది. చారుదత్తుని కథ మొదట కెమెరా పక్షాన నిలిచినా తొమ్మిదవ అంకంలో ఎదురు తిరుగుతుంది: న్యాయసభలో విదూషకుని చంకలోనుండి నగలు జారిపడటం అందరూ కళ్ళారా చూచారు. ఆ ప్రత్యక్షం చాలింది, నిర్దోషిని వధ్యశిలకు పంపటానికి.

పెరటి కెమెరా తగవు వేరు. అది తమ పెరటితోపాటు పొరుగువారి బావిగట్టును, బట్టలు ఆరవేసే తీగను కూడా చూపుతున్నది. పొరుగింటి పిన్నిగారు అడగలేదు; తీగను మాత్రం రెండవవైపుకు మార్చుకొన్నారు. ఉపాధ్యాయులవారు అది గమనించి సిగ్గుపడ్డారు. కౌటిల్యుని అర్థశాస్త్రం తృతీయాధికరణంలో గృహవాస్తుక ప్రకరణమున్నది. రాజమార్గానికో వీధికో అభిముఖంగా ఉన్నవి తప్ప, పరుల ఇంటికెదురుగా పెట్టి వారికి బాధ కలిగించే ద్వారాలకు, గవాక్షాలకు అక్కడ దండన విధించబడింది. కెమెరా అన్నది కటకం బిగించిన గవాక్షమే. వీధిని చూడవచ్చు, పొరుగు పెరటిని చూడరాదు. రెండువేల ఏళ్ళనాటి ఆ వ్యవస్థ నేటి గోడకు సరిగ్గా అతుకుతుంది. ఆ సాయంకాలమే నిచ్చెన వేయించి దాని మూతిని తమ జామచెట్టువైపు తిప్పించారు.

ఏకాంతం పాశ్చాత్యభావన, ఉమ్మడి కుటుంబాల దేశానికి అది పొసగదు అనే మాట తరచు వినబడుతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను మౌలికహక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. అందులో న్యాయమూర్తి బోబ్డే తన తీర్పుభాగంలో గృహ్యసూత్రాలను, అర్థశాస్త్రాన్ని, రామాయణాన్ని ప్రస్తావించారు: అధ్యయనం, భోజనం, కర్మానుష్ఠానం జరిగేవేళ గృహవాసుల ఏకాంతం భంగపడకుండా ఇల్లు కట్టుకొనే విధి ఈ దేశపు గ్రంథాలలోనే ఉన్నదని. ఒకే ఇంట్లో ఉండే సోదరుల వివాదంలో, సహనివాసుల సమ్మతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దానిలో జోక్యం చేసుకోలేదు. 2023నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం సొంత, గృహావసరాలకు వ్యక్తులు వాడుకొనే సమాచారాన్ని తన పరిధినుండి మినహాయించింది. అంటే గృహంలోపలి మర్యాదను చాలావరకు గృహస్థుని వివేకానికే వదలివేసింది.

గృహస్థుని వివేకమంటే ఇక్కడ ఇల్లాలి వివేకమని చదువుకోవాలి. ఆమె వాదంలో శాస్త్రం లేదు. "ఏమండీ, నా ఇంట్లో నేను కొంగు సర్దుకొని కూర్చోవాలా?" అన్నది, ఒకే ఒకసారి. హాలు కెమెరా మాటలను కూడా గ్రహిస్తుందని తెలిసిననాటినుండి మధ్యాహ్నం వచ్చే స్నేహితురాళ్ళను వంటింట్లో కూర్చోబెట్టి మాట్లాడుతున్నది. కోడలి మీద చెప్పుకొనే చిన్న చిన్న మాటలు ఏ తల్లికైనా ఉంటాయి. అవి కొడుకు వినటానికి కాదు. భర్త గమనించినది మరొకటి: ఆమె కూనిరాగం మానివేసింది.

యంత్రం తన యజమానికే లోబడి ఉంటుందన్న హామీ కూడా లేదు. 2016లో మిరాయ్ అనే దుష్టక్రమణిక లోకమంతటా లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొని అంతర్జాలంమీద దాడి చేసింది. అది లోపలికి వెళ్ళిన దారి సామాన్యం: కర్మాగారంలో పెట్టిన సంకేతపదాన్ని కొన్నవారు మార్చకపోవటం. ఉయ్యూరు ఇంట్లో కూడా ఆ పదం మారలేదు. కుమారుడు తొందరలో వెళ్ళాడు, తండ్రికి తెలియదు. ఈ వ్యాసం చదివేవారిలో ఎందరు మార్చారో వారే చూచుకోవాలి.

సాంఖ్యకారిక పురుషునికి సాక్షిత్వం, మాధ్యస్థ్యం, ద్రష్టృత్వం, అకర్తృత్వం అనే లక్షణాలు చెబుతుంది. మొదటి చూపులో కెమెరాకు అన్నీ ఉన్నట్లే ఉన్నది: పక్షపాతం లేదు, ఏమీ చేయదు, రెప్ప వేయదు. లేనిది ద్రష్టృత్వమొక్కటే. అది చూడదు, చూపుతుంది. చూచేవాడు డల్లాసులో ఉన్నాడు, వానికి ప్రేమ ఉన్నది, దూరంగా ఉన్నానన్న అపరాధభావం ఉన్నది, భయం ఉన్నది. ఉదాసీనమైన యంత్రం, ఉదాసీనుడు కాని ద్రష్ట కలిసినచోట సాక్షి ఏర్పడదు, కావలివాడు ఏర్పడతాడు. భారతం ఆదిపర్వంలో శకుంతల దుష్యంతునితో చెప్పే సాక్షులు, అనగా సూర్యచంద్రులు, వాయువు, అగ్ని, సంధ్యలు, హృదయం, మనిషిని చూస్తారు గాని ఎవరికీ ఫోను చేయరు. అందుకే వారి ముందు కూనిరాగం తీయటానికి ఎవరూ సంకోచించరు.

కావలి అవసరమైన సందర్భాలు లేకపోలేదు. ఇల్లు తాళం వేసి వెళ్ళేవారికోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ప్రవేశపెట్టారు: ఊరు వెళ్ళేముందు యాప్‌లో కోరితే వారే వచ్చి కెమెరా అమర్చుతారు, కదలిక కనబడితే నియంత్రణకేంద్రానికి తెలుస్తుంది, యజమాని తిరిగిరాగానే తీసివేస్తారు. ఉపాధ్యాయులవారికి అందులో నచ్చినది ఉచితమన్న గుణం కంటె తాత్కాలికమన్న గుణం. మనుష్యులు లేనప్పుడు యంత్రం ఉంటుంది, వారు రాగానే పోతుంది.

సంక్రాంతికి ముందు తండ్రీకొడుకుల మధ్య సుదీర్ఘ సంభాషణ జరిగింది. కుమారుడు తుంటి సంగతి ఎత్తాడు. తండ్రి డబ్బా సంగతి ఎత్తారు. చివరకు తల్లి ఫోను తీసుకొన్నది. గేటు కెమెరా, మెట్ల కెమెరా యథాతథం. పెరటిది జామచెట్టును చూస్తుంది. సంకేతపదం మారింది, కొత్తది గోడమీది పంచాంగంలో, తల్లి ఎన్నుకొన్న తిథి పక్కన వ్రాసి ఉన్నది. హాలు కెమెరాకు వేరే స్విచ్చి పెట్టించారు: ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు వేయాలి, ఇద్దరూ ఉన్నప్పుడు తీయాలి. శబ్దగ్రహణం ఎప్పుడూ ఉండదు. ప్రతి ఉదయం ఏడింటికి తల్లే ఫోను చేస్తుంది. పనిచేసే ఆమెకు ఏ కెమెరా ఎక్కడ ఉన్నదో, ఏమి చూపుతుందో ఫోనులో చూపించి చెప్పారు. ఆమె గేటు దృశ్యంలో తన కొడుకు సైకిలు మీద పోవటం చూచి నవ్వింది.

స్విచ్చి తీయటం వీరు ఎప్పుడూ మరువరు. వేయటమే అప్పుడప్పుడు మరచిపోతున్నారు, డల్లాసు నుండి ఫోను వస్తున్నది.