పార పట్టిన సైన్యము

ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగమున వెర్దన్ అను పట్టణము కలదు. మొదటి ప్రపంచ సంగ్రామమున, 1916వ సంవత్సరము ఫిబ్రవరి మొదలుకొని డిసెంబరు వఱకు, ఈ పట్టణము చుట్టును ఫ్రెంచి సేనలకును జర్మను సేనలకును ఘోరమైన పోరు జరిగెను. ఉభయ పక్షములయందును కలిపి సుమారు మూడు లక్షలమంది నేల కొరిగిరి. ఫిరంగి గుండ్ల దెబ్బలకు అచ్చటి భూమి మశూచికము సోకిన ముఖమువలె గుంటలమయమయ్యెను. తొమ్మిది గ్రామములు పునాదులైన మిగులకుండ నాశనము కాగా, యుద్ధానంతరము ప్రభుత్వమువారు వానిని 'ఫ్రాన్సు కొఱకు మరణించిన గ్రామములు' అని ప్రకటించిరి. మనుష్యుల కిచ్చు గౌరవమును ఊళ్ళ కీయవలసి వచ్చినదనిన, ఆ వినాశ మెట్టిదో ఊహింపవచ్చును.

ఎన్ అనునది ఆ ప్రాంతముననే యున్న మఱియొక పల్లె. ఆ తొమ్మిదింటి జాబితాలో దీని పేరు లేదు గాని, దీని దురవస్థయు వానికి ఏమంత తీసిపోలేదు. సమీపమున ఒక గుట్ట కలదు. దానిపేరు 'చచ్చిన మనిషి'. ఈ పేరు యుద్ధమునకు పూర్వమునుండియు నున్నదే. పేరు పెట్టిన పూర్వులు, అది ఇంతగా సార్థకమగునని తలచియుండరు. యుద్ధము ముగిసిన పిదప ఊరివారిలో కొందఱు తిరిగి వచ్చి, శిథిలముల నడుమ తలదాచుకొనుచుండిరి.

1920 నవంబరు మాసమున, చలి ముదురుచున్న వేళ, ఈ పల్లెకు పిడికెడుమంది పరదేశీయులు వచ్చిరి. వారి చేతులలో పలుగులు, పారలు తప్ప మఱే ఆయుధములును లేవు. ఇండ్లు కట్టిపెట్టెదము, గోతులు పూడ్చెదము, కూలి యక్కఱలేదు అని వారు చెప్పిరి. ఊరివారికి ఇది వింతగా తోచెను. అంతకంటె వింత యేమనగా, ఆ వచ్చినవారిలో జర్మనులును ఉండిరి.

వారిని వెంటబెట్టుకొని వచ్చినవాడు పియేర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశీయుడు. 1879లో లోజాన్ నగరమున జన్మించెను. తండ్రి ఆ దేశమునకు అధ్యక్ష పదవి నధిష్ఠించినవాడు. సెరెసోల్ గణితమునందును ఇంజనీరింగునందును గొప్ప పాండిత్యము గడించెను. యౌవనమున అమెరికా, జపాను మొదలగు దేశములు తిరిగి, కాయకష్టముచేసి బ్రతుకుట యెట్టిదో రుచిచూచెను. తండ్రివలన సంక్రమించిన ధనము తాను కష్టించి ఆర్జించినది కాదని దానిని ప్రభుత్వమునకే ఇచ్చివేసెను. ఇట్టివానిని లోకము సాధారణముగా వెఱ్ఱివాడనును.

ఆ దేశమున సైనిక శిక్షణ ప్రతి యువకునకును విధి. ఏ కారణముచేతనైనను సైన్యమున చేరనివాడు సైనికపు పన్ను చెల్లింపవలెను. సెరెసోల్ చిరకాలము ఈ పన్ను చెల్లించుచునే యుండెను. ఆయుధము పట్టనని పలికిన ఒక బడిపంతులును మహాసంగ్రామ కాలమున చెఱసాలకు పంపిరి. ఈ సంగతి సెరెసోల్ మనస్సును కలచివేసెను. అదిమొదలు ఆయన పన్ను కట్టుట మానెను. ఫలితముగా చెఱసాలయు చూచెను. అధ్యక్షుని కుమారుడు కారాగృహమున నుండుట ఆ యింటివారికి ఎంత మనస్తాపమును కలిగించెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను ఇచ్చట ఒక చిక్కు కలదు. యుద్ధమున చేరనని కూర్చుండుట సులభము. ఇరుగుపొరుగు యువకులు ప్రాణములొడ్డి దేశమును కాచుచుండగా, కాదని ఇంట కూర్చుండువాడు దేశమునకు ఏమిచ్చుచున్నాడు? ఈ ప్రశ్నను సెరెసోల్ విరోధులే కాదు, ఆయనయే తన్ను తాను వేసికొనెను. సైనికుని సాహసమును, క్రమశిక్షణను, సహపంక్తి భోజనమును, త్యాగమును ఆయన మెచ్చెడివాడు. చంపుటను మాత్రమే మెచ్చడు. కావున సైనికుడు పడునంత కష్టమును, అంతకు తగ్గకుండ, వేఱొక పనియందు పడవలెనని నిశ్చయించుకొనెను.

ఆ పని యేదో 1920 వేసవిలో తేలెను. హాలెండు దేశమున బిల్తోవెన్ అను చోట శాంతికాముకుల సభ జరిగెను. తీర్మానములు, ఉపన్యాసములు యథావిధిగా సాగుచుండెను. అప్పుడు ఒక జర్మను లేచి, తన సోదరుడు ఫ్రాన్సులో యుద్ధము చేసి అచ్చటి నేలను పాడుచేసిన సేనలోని వాడనియు, ఆ పాడైన దానిని బాగుచేయుటకు తాను పోదలచితిననియు చెప్పెను. సభలో కొంతసేపు మాటలు నిలిచిపోయినవట. సెరెసోల్ ఆ మాటను విడువలేదు. హ్యూబర్ట్ పారిస్ అను ఇంగ్లీషు మిత్రుని సాయమున స్థలమును వెదకి, ఎన్ గ్రామమున బృందమును దించెను.

చలికాలమంతయు వారు పనిచేసిరి. ముందుగా తమకు కొయ్య గుడిసె కట్టుకొని, పిదప ఊరివారికి తాత్కాలికపు టిండ్లు నిర్మించిరి. దారులు బాగుచేసిరి. గుండ్లు పడిన గోతులను పూడ్చి పొలములను చదును చేసిరి. ఆ నేలలో ప్రేలని గుండ్లును, ఇనుప ముండ్లతీగెలును, ఎముకలును ఉండెను. ఊరివారిలో కొందఱు క్రమముగా స్నేహము చూపిరి. కాని, బిడ్డలను పోగొట్టుకొన్నవారికి జర్మను భాష చెవిని పడినంతనే గుండె మండుట సహజమే గదా! 1921 వసంతమున, జర్మనులు అచ్చట నుండుట స్థానికాధికారులకు సమ్మతము కాలేదు. వారిని పంపివేసి తక్కినవారు పని సాగింపవచ్చునను మార్గము లేకపోలేదు. ఆ మార్గమును బృందము స్వీకరింపలేదు. అందఱును కలిసియే వచ్చిరి. అందఱును కలిసియే పారలు భుజమున వేసికొని వెడలిపోయిరి.

ఈ మొదటి ప్రయత్నము ఓటమియే యని చెప్పవలెను. కట్టినవి కొన్ని గుడిసెలు, పూడ్చినవి కొన్ని గోతులు. అయిననేమి, సెరెసోల్ నిరుత్సాహపడలేదు. 1924లో స్విట్జర్లాండులోని వెర్-లెగ్లీజ్ అను కొండపల్లెపై హిమపాతము విఱుచుకొని పడి, చెట్లు, రాళ్ళు, మట్టి పొలములనిండ పరచుకొనెను. ఆ పల్లెను బాగుచేయ యువకుల నాహ్వానించి శిబిరము నడపిరి. ఆ శిబిరమునకు నాయకత్వము వహించినవాడెవరు? సెరెసోల్ సోదరుడైన ఎర్నెస్టు. అతడు స్విస్ సైన్యమున కర్నలు! తమ్ముడు ఆయుధము వలదని చెఱసాలకు పోగా, అన్న ఆయుధము ధరించి ఉన్నతపదవి నలంకరించెను. ఇరువురు సోదరులును ఒక పార దగ్గఱ కలిసికొనిరి. పని నేర్పుగా నడుపుట, వేళకు లేపుట, భోజనము సమకూర్చుట అన్నియు కర్నలు చేతి చలువయే. పంతములు విడిచి మంచిపనిలో చేయి కలిపిన అన్నదమ్ములు చరిత్రలో ఎక్కువగా కానరారు.

1927లో రైను నది కట్ట తెగి లిక్టెన్‌స్టైన్ అను చిన్న దేశపు పొలములను ఇసుకతోను గులకరాళ్ళతోను కప్పివేసెను. మఱుసటి సంవత్సరము ఏడువందలమందికి పైగా స్వచ్ఛంద సేవకులు అనేక దేశములనుండి వచ్చి, ఆ రాళ్ళను బండ్లకెత్తి తొలగించిరి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, చేతిపనివారు అందఱును ఒకే పంక్తిని నిలిచి పనిచేసిరి. జీతము లేదు, కూడును, పడుకొనుటకు చోటును మాత్రమే. స్త్రీలును వచ్చిరి. వారిని 'సోదరీమణులు' అని పిలిచెడివారు. పేరు గౌరవమైనదే గాని, వారికి అప్పగించిన పని వంట, బట్టలుతుకుట, చిరుగులు కుట్టుట. ప్రపంచమును మార్పవచ్చినవారికి సైతము వంటయింటి ఆచారమును మార్పవలెనని తోచలేదు! ఆ మార్పు తరువాతి కాలమున వచ్చినది.

1931లో వేల్సు దేశమున బ్రిన్‌మార్ అను పట్టణమున మఱియొక శిబిరము జరిగెను. అది బొగ్గు గనులు మూతపడి, పనులు లేక మ్రగ్గుచున్న ఊరు. పరదేశపు యువకులు ఊరివారితో కలిసి అచ్చట ఈతకొలను త్రవ్విరి. ఇంతకు పూర్వము వరదలవలనను హిమపాతములవలనను పాడైన ఊళ్ళే వారి కంట పడినవి. పేదఱికము కూడ ఒక వరదయే యని ఇచ్చట తెలిసికొనిరి. కూలివాని నోటి కూడు తీయునట్టి పని చేయరాదు, ఎవరును చేయలేక విడిచిన పనినే చేపట్టవలెను అనునది వారి నియమము.

ఇంతలో ఐరోపాయందే మఱియొక పారల సైన్యము బయలుదేరెను. జర్మనీలో హిట్లరు ప్రభుత్వమువారు 1935లో ఒక శాసనము చేసిరి. దాని ప్రకారము పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్లలోపు యువకులు ఆఱు మాసములు శ్రమదళమున పనిచేసి తీరవలెను. ఆ యువకులును చిత్తడి నేలలను ఎండగట్టిరి; బాటలు వేసిరి. న్యూరెంబర్గు ఉత్సవములలో వేలకొలది యువకులు తళతళలాడు పారలను తుపాకులవలె భుజములపై నుంచి కవాతు చేసెడివారు. అదియు దేశసేవయే యనిరి, పౌరధర్మమే యనిరి. కొలదియేండ్లలో ఆ పారలు దిగి నిజమైన తుపాకులు ఆ భుజములపైకి ఎక్కెను. పార రెండుచోట్లను ఒక్కటే. ఒకచోట పొరుగుదేశపు బాధ చూచి తనంత తాను పట్టినది; రెండవచోట ఆజ్ఞకు వెఱచి పట్టినది. ఏ దేశమునందైనను యువజన సేవను గూర్చి మాట వచ్చినప్పుడు, ఈ రెండవ పారను గూడ జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

సెరెసోల్ కథలో భారతదేశమునకును భాగము కలదు. 1931 డిసెంబరులో గాంధీమహాత్ముడు లండను నుండి మరలుచు స్విట్జర్లాండులో రోమా రోలా గారిని చూడబోయినప్పుడు, సెరెసోల్ ఆయనను కలిసికొనెను. 1934 జనవరి 15వ తేది మధ్యాహ్నము బీహారులో మహాభూకంపము సంభవించెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. భూమి బ్రద్దలై, లోపలినుండి ఇసుకయు నీరును ఉబికి వచ్చి పంటపొలములను కప్పివేసెను. కొన్నిచోట్ల నేల క్రుంగినందున, కూలిన యిండ్లను మరల అచ్చటనే కట్టిన వరదలపాలగు స్థితి యేర్పడెను. అప్పటికి కారాగారమున నున్న రాజేంద్ర ప్రసాదు గారు భూకంపమైన రెండు దినములకు విడుదలయై, సహాయ సంఘమును నెలకొల్పి, పగలనక రేయనక పాటుపడిరి.

ఈ వార్త విని సెరెసోల్ ముందుగా తానొక్కడే వచ్చి పరిస్థితులను పరిశీలించి వెళ్ళెను. పిదప ముగ్గురు సహచరులతో మరల వచ్చెను. అప్పటికాయనకు ఏబదియైదేండ్లు. ముజఫర్‌పూర్ ప్రాంతమున మెఱక నేలను ఎన్నుకొని, ముంపు గ్రామములవారికి క్రొత్త ఊళ్ళు కట్టు పనిలో వారు చేరిరి. అట్లు వెలసిన ఊరికి శాంతిపూర్ అని పేరిడిరి.

ఆ కాలపు పల్లెప్రజలు తెల్లవానిని గుఱ్ఱముపైననో మోటారులోననో చూచియుండిరి. అట్టివాడు మోకాళ్ళవఱకు మట్టిలో దిగి, తట్ట నెత్తుట వారికి నమ్మశక్యము కాని దృశ్యము. మట్టిపని ఏ కులమువారు చేయవలెనో, ఏ కులమువారు చేయరాదో తరతరములుగా నిర్ణయింపబడియున్న సమాజమది. చదువుకొన్నవాడు పార పట్టిన పరువు పోవునను భయము మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. ఒక గణితశాస్త్ర పండితుడు మండుటెండలో మట్టి త్రవ్వుచుండగా గట్టున నిలిచి చూచినవారి మనస్సులలో ఏమి మెదలెనో ఎవరును వ్రాసి యుంచలేదు. బృందపు పని 1937 వఱకు సాగెను.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. అప్పటికి వృద్ధాప్యమున అడుగిడిన సెరెసోల్, శాంతిని గూర్చి జర్మనులతో ముఖాముఖిగా మాటలాడవలెనని, అనుమతి లేకయే రెండుసారులు సరిహద్దు దాటి జర్మనీలో ప్రవేశించెను. రెండుసారులును బంధింపబడెను. ఈ సాహసము వలన యుద్ధము ఒక గంటయైన ముందుగా ముగిసినదని చెప్పలేము. ఆయనను మిక్కిలి గౌరవించువారు సైతము ఇది అవివేకమని తలచినచో ఆశ్చర్యము లేదు. చెఱసాలలవలన ఆరోగ్యము చెడి, యుద్ధము ముగిసిన ఏడుననే, 1945 అక్టోబరు 23వ తేదీన ఆయన కన్నుమూసెను.

ఆయన నాటిన సంస్థ 'అంతర్జాతీయ పౌరసేవ' అను పేర భారతదేశముతో సహా పెక్కు దేశములలో నేటికిని శిబిరములు నడుపుచున్నది. విఱిగిన కత్తియు, దానిపై పారయు దాని చిహ్నము. 1948లో యునెస్కో ప్రోత్సాహమున ఇట్టి సంస్థలన్నింటికిని ఒక సమన్వయ సంఘము పారిసు నగరమున ఏర్పడెను. 1969లో, గాంధీ శతజయంతి వత్సరమున, భారత ప్రభుత్వము 37 విశ్వవిద్యాలయములలో నలువదివేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకమును ప్రారంభించెను. కళాశాల విద్యార్థులు ఊరి చెఱువు పూడిక తీయుటకో, మొక్కలు నాటుటకో పోవుచున్నప్పుడు వారి చొక్కాలపై కానవచ్చు కోణార్క రథచక్రము ఈ పథకపు గుర్తే.

సెరెసోల్ స్వదేశమున మాత్రము పని చాల ఆలస్యముగా జరిగెను. ఆయుధము పట్టనొల్లని యువకునకు చెఱసాలకు బదులు ప్రజాసేవ చూపుడని ఆయనయు మిత్రులును 1920 తరువాత అర్జీ పెట్టుకొనగా, శాసనసభ త్రోసిపుచ్చెను. ఆ తరువాతను ఎందఱో యువకులు చెఱసాలలకు పోవుచునే యుండిరి. తుదకు 1992లో ప్రజలు ఓటుచేసి రాజ్యాంగమును సవరించిరి. 1996 అక్టోబరు 1వ తేదీనుండి క్రొత్త చట్టము అమలులోనికి వచ్చెను. సైన్యమున పనిచేయుటకు అంతరాత్మ యొప్పనివాడు, సైనికుడు పనిచేయు దినములకు ఒకటిన్నర రెట్లు, వైద్యశాలలోనో వృద్ధుల ఆశ్రమములోనో అడవులలోనో పనిచేయవలెను. అప్పటికి సెరెసోల్ మరణించి ఏబది సంవత్సరములు దాటినవి.