డ్రై ట్రాక్ ఉంది కాబట్టి పాట ఉంది



మేం విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. నలుగురం. ముగ్గురివి పాడేరు వైపు ఊళ్ళు, ఒకడిది అరకు. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు మాత్రం చదువు గురించి కాదు, గిటార్ గురించి. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

పోయినేడాది థింసా అడుగు మీద ఒక పాట కట్టాం. తుడుము, డప్పు, మోరి ఊళ్ళోనే రికార్డ్ చేసి తెచ్చుకున్నాం. మోరి ఊదింది మా తాత వరసాయన. గిటార్ మాత్రం మాలో ఒకడిది. కాఫీ పళ్ళు ఏరిన కూలి డబ్బులు దాచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ప్రాసెసర్‌లో డిస్టార్షన్, రివర్బ్ అన్నీ పెంచేసి, ఆ సౌండ్‌నే నేరుగా రికార్డ్ చేశాం. ఆ రాత్రి వింటే ఒళ్ళు జలదరించింది. పొద్దున్నే మోరి కలిపాం. మోరి మాయం! గిటార్ గోలలో ఎక్కడుందో తెలీలేదు. సౌండ్ తగ్గిస్తే గిటార్ పోతంది, పెంచితే తాత పోతన్నాడు.

మళ్ళీ వాయించరా అందామంటే మావాడు లేడు. నాన్నకి ఒంట్లో బాగోలేదని ఊరెళ్ళిపోయాడు. ఇంటికి పెద్దకొడుకు. ఆ సెమిస్టర్ పరీక్షలూ పోయాయి.

మాకు తెలిసిన ఒక అన్న అద్దె గదిలోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. మా ఫైలు విని నవ్వలేదు. "అన్నం వండేసి తెచ్చి మళ్ళీ బియ్యం చెయ్యమంటే ఎలారా? ముందు బియ్యం దాచుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వండుకోవచ్చు" అన్నాడు. బియ్యం అంటే డ్రై ట్రాక్. గిటార్ తీగల నుంచి వచ్చిన సిగ్నల్‌ని ఏ ఎఫెక్టూ లేకుండా దాచడం. తర్వాత దాన్నే ఆంప్‌లోకి పంపి కావాల్సిన సౌండ్ తీసుకోవడాన్ని రీయాంపింగ్ అంటారు.

బ్యాక్‌లాగ్ పరీక్ష రాయడానికి మావాడు రెండు రోజులు వచ్చాడు. పరీక్ష అయిన రాత్రే అన్న గదికి తీసుకుపోయాం. కింద ఓనరు గారు ఉంటారు, రాత్రిపూట ఆంప్ పెడితే అన్న గది ఖాళీ చెయ్యాల్సిందే. డ్రైకి ఆ భయం లేదు. గదిలో వినిపించేది తీగల టిక్కుటిక్కే.

గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌లో పెట్టి 'ఇన్‌స్ట్' బటన్ నొక్కాలి. మేం మర్చిపోయాం. సౌండ్ దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వచ్చింది. గిటార్ పికప్‌కి ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్ పనికిరాదు. తర్వాత 24 బిట్‌లో పెట్టి, గట్టిగా కొట్టినా లెవెల్ మైనస్ 12 దగ్గరే ఆగేలా గెయిన్ తగ్గించాం. డ్రైలోనే సిగ్నల్ పగిలిపోతే తర్వాత ఎంత మంచి ఆంప్ పెట్టినా ఆ పగులు అలాగే ఉంటుంది. బుయ్‌మని ఒక రొద వస్తుంటే ట్యూబ్‌లైట్ ఆర్పేసి, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాం. సగానికి పైగా తగ్గింది.

ఇంకో మాట. ఒట్టి డ్రై సౌండ్ వింటూ వాయిస్తే చెయ్యి ఆడదు, బెదురుతుంది. అందుకే రీపర్‌లో ట్రాక్ మీద ఆంప్ ప్లగిన్ పెట్టి, మావాడి హెడ్‌ఫోన్‌లోకి ఆ సౌండ్ ఇచ్చాం. అది వినడానికే, ఫైల్లోకి వెళ్ళదు. ఇన్‌పుట్ ఎఫెక్ట్స్‌లో పెడితే మాత్రం ఫైల్లోకి ఎక్కేస్తుంది. జాగ్రత్త.

నాలుగు టేకులు తీసుకున్నాం. తెల్లారి మొదటి బస్సుకి మావాడు వెళ్ళిపోయాడు.

తర్వాత ఒక ఆదివారం, ఓనరు గారు ఊళ్ళో లేనప్పుడు, అన్న తన ఫ్రెండ్ ఆంప్ తెచ్చాడు. ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ ఆంప్‌కి మరీ బలం. మధ్యలో రీయాంప్ బాక్స్ పెడితే గిటార్ నుంచి వచ్చినట్టే మారుస్తుంది. ఎదురుగా ఎస్ఎం57 మైక్. మావాడు కొండ మీద, వాడి చెయ్యి ఇక్కడ ఆంప్‌లో! మాలో ఒకడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరో చెప్పం. డిస్టార్షన్ సగానికి తగ్గించి, మిడ్స్ కొంచెం కోసి మళ్ళీ మోరితో కలిపాం. ఆరోసారికి తాత బయటికొచ్చాడు.

వాడి ఊళ్ళో పనసచెట్టు దగ్గరే సిగ్నల్. పాట పంపిన రెండు రోజులకి ఫోన్ చేశాడు.

"మోరి బాగా వినబడతందిరా" అన్నాడు. కాసేపు ఆగి, "రెండో చరణంలో నా చిటికెన వేలు జారింది. అలాగే ఉంచేసారేటి?"

"ఆంప్ మారుతుంది గానీ వేలు మారదు కదరా. నువ్వొచ్చి మళ్ళీ వాయించు."

"చూస్తాన్లే. కాఫీ పని అవనీ" అన్నాడు.

డ్రై ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, అన్న దగ్గర ఒకటి దాచాం. మీలో ఎవరి దగ్గరైనా మంచి ఆంప్ ఉంటే చెప్పండి, పంపిస్తాం. మీ సౌండ్‌తో వేసి చూడండి. మోరిని మాత్రం ముంచెయ్యకండి.