నాయన పోసిన నీళ్ళు

మా ఊరు పాపారపట్టి. సుబ్రమణ్య శివ 1925లో కన్నుమూసిన ఊరుగా తమిళనాట చాలామందికి తెలుసు. ఇక్కడ వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే మాబోటి వాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి మాత్రం మనలో మనకే తెలుసు.

రెండేళ్ళ కిందట బెంగుళూరులో ఒక పాత కారు కొన్నాను. 2013 నాటి టొయోటా కామ్రీ హైబ్రిడ్. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మా నాయనకు అదొక వింత. సద్దు లేకుండా కదిలితే "ఇది బండా, పిల్లా?" అని నవ్వేవాడు.

మొన్న వేసవిలో ఒకనాడు హోసూరు ప్రయాణం. నేను లేచేసరికే నాయన బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు.

"చిన్న డబ్బాలో నీళ్ళు తక్కువుండె. పోసినా."

"ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేందిరా, మన బోరు నీళ్ళే."

నాకు ఒళ్ళు మండింది. "తెలియనిదాంట్లో ఎందుకు చెయ్యి పెడతావు నాయనా?" అనేశాను. ఆయన మారు మాట్లాడలేదు. చెంబు అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు బస్సులో పోయాను.

ఈ కారులో కూలెంట్ దారులు రెండు. ఒకటి ఇంజనుకు. రెండోది ఇన్వర్టరుకు, అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పెట్టెకు. నాయన పోసింది ఈ రెండో డబ్బాలో. కంపెనీ కూలెంట్ గులాబి రంగులో ఉంటుంది. గ్లైకాలు, ఖనిజాలు తీసేసిన నీరు కలిపే అమ్ముతారు. మన బోరు నీళ్ళలోని సున్నం వేడికి గారకట్టి, సన్నటి దారులను మూసేస్తుంది. మా జిల్లా నీళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు బాధ తప్పించడానికే 2013లో హొగెనకల్ నీళ్ళు తెచ్చారు. నాయన పళ్ళ మీది గోధుమరంగు చారలు అంతకు ముందటి కాలానివి.

బస్సులో కూర్చున్నాక ఇంకొకటి గుర్తొచ్చింది. తొప్పూరు ఘాటులో రేడియేటరు పొగలు కక్కినప్పుడు, అందిన నీళ్ళు పోసి బండిని ఒడ్డెక్కించిన మనిషి ఆయన. దాహమేసిన బండికి నీళ్ళు పోయడం ఆయన నేర్చిన ధర్మం.

దగ్గరి మెకానిక్కు "హైబ్రిడ్డా? నాకొద్దు సార్" అన్నాడు. ఇక ఇంట్లోనే మార్చాలనుకున్నాను. ఆదివారం పొద్దున "నాయనా, ఒక చెయ్యి సాయం కావాల" అన్నాను. ఆయన వెంటనే లేవలేదు. కాసేపటికి పంచె ఎగగట్టుకుని వచ్చాడు.

బండి పూర్తిగా చల్లారింది. దానంతట అది మేలుకోకుండా తాళంచెవిని ఇంట్లో దూరంగా పెట్టాను. నారింజరంగు తీగలు ముట్టవద్దని, వాటిలో 650 వోల్టుల దాకా పారుతుందని చెప్పాను. తలూపాడు. కింద మర విప్పితే వెలిసిపోయిన గులాబి నీళ్ళు బేసిన్లోకి దిగాయి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్క వాసన పట్టి వస్తే నాయనే అదిలించి, బేసిన్ మీద పలక మూశాడు.

తరువాత ఆయన వేలు ఒక రబ్బరు గొట్టం దగ్గర ఆగింది.

"ఇక్కడ చూడు. ఉప్పు పూసినట్టు లేదూ?"

వంగి చూశాను. బిగింపు పట్టీ దగ్గర ఎండిన గులాబి పొక్కు. సన్నగా కారుతోంది. డబ్బాలో తక్కువైంది అందుకే. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ డబ్బా వైపు చూడలేదు. చూసినవాడిని తిట్టాను.

పట్టీ మార్చాం. బోరు నీళ్ళ జాడ పోవడానికి డిస్టిల్డ్ వాటర్ పోసి కడిగి, దించేశాం. కొత్త కూలెంట్ పోసి బండి ఆన్ చేశాను. ఇంజను పలకకపోయినా చిన్న పంపు తిరిగి, డబ్బాలో బుడగలు లేచాయి. అవి ఆగేదాకా నాయన వంగి చూస్తూనే ఉన్నాడు. మట్టం దిగినప్పుడల్లా ఆయనే పోశాడు. పాతదాన్ని డబ్బాకెత్తి, వాడిన ఆయిలు తీసుకునే షెడ్డుకు ఇచ్చాను.

"ఆ పొద్దు నేనట్ల అనకూడదు నాయనా" అన్నాను.

"బండికి పోసినా గదరా, నీకు పోసిన్నా?" అని నవ్వాడు. చారల పళ్ళు మెరిశాయి.

ఇప్పటికీ పొద్దున్నే బానెట్ ఎత్తి చూస్తాడు. ఏమీ పొయ్యడు. లోపలికి వచ్చి, "గీత కాడనే ఉందిరా" అని చెప్పి కాఫీ తాగుతాడు.