నీళ్ళు లేని కోట, నీళ్ళ నడుమ కోట

మా వూరు గుత్తి. దూరాన్నించి వచ్చేవాళ్ళకు ముందు కొండ కనిపిస్తుంది, తరవాత వూరు.

ఆ కొండమీది కోట నేను మొదటిసారి యెక్కింది తొమ్మిదో యేట, నడివేసవిలో. నాయన, అవ్వ, నేను బయలుదేరాం. మైదానం నుంచి కొండ సుమారు వెయ్యి అడుగుల యెత్తు. దారి మలుపులు తిరుగుతూ పోతుంది; ఒక ద్వారం దాటితే మరొక ద్వారం. అవ్వ మరచెంబు నిండా నీళ్ళు తెచ్చింది. దాన్ని మోసే పని నాది. సగం దూరం పోయాక ఎవరూ చూడకుండా రెండు గుక్కలు తాగి, మూత సరిగా బిగించలేదు. కొండ అంచున వున్న మురారిరావు గద్దె చేరేసరికి చెంబు ఖాళీ! నా చొక్కా మాత్రం తడిసింది.

అవ్వ కళ్ళు తిరిగి కూలబడింది. కోటలో రాతి గుంటలూ బావులూ చాలా వున్నాయి గాని, అవి వాన పడితేనే నిండుతాయి. మేము చూసినవాటి అడుగున పాచి తప్ప ఏమీ లేదు. నాయన పరుగున పోయి, ఒక మేకలకాపరి సొరకాయబుర్రలోని నీళ్ళు అడిగి తెచ్చి అవ్వచేత తాగించాడు. నన్ను కొట్టలేదు. గద్దె నీడన కూచుని మురారిరావు సంగతి చెప్పాడు.

మురారిరావు ఘోర్పడే మరాఠా సర్దారు. 1776లో మైసూరు హైదరాలీ ఈ కోటను ముట్టడించాడు. ఇంత యెత్తు, ఇన్ని ద్వారాలు వుండి కూడా లోపల నీళ్ళు అయిపోయి మురారిరావు లొంగిపోయాడు. హైదరు అతన్ని కబ్బాలదుర్గానికి పంపాడు. అక్కడే చెరలో చనిపోయాడు.

"దాహానికి ద్వారాలు అడ్డమా?" అన్నాడు నాయన. నేను తల వంచుకున్నాను.

మా సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసి, వట్టి చేతులతో మా దగ్గరికి వస్తాయి. ఈశాన్యపు వానకు మేము మరీ దూరం.

మూడేళ్ళ తరవాత నాయన, "ఇంకొక కొండకోట చూపిస్తాను. అక్కడ నీళ్ళకు లోటు లేదు," అని నవ్వాడు. అది నాగార్జునకొండ. మాచర్లలో రైలు దిగి, బస్సులో విజయపురి సౌత్ చేరి, లాంచి యెక్కాం. పడవ యెక్కటం మా ఇంట్లో ఎవరికైనా అదే మొదలు. యెటు చూసినా నీళ్ళే. అవ్వ భయంతో నా చెయ్యి వదల్లేదు.

ఆ కొండ పూర్వం ద్వీపం కాదు. దానికింద కృష్ణలోయలో, సుమారు 1700 యేళ్ళ క్రితం, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశాడు. లోయ మునిగిపోతుందని, పురావస్తుశాఖవారు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండమీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. కొండ తల మాత్రం పైకి మిగిలింది.

అవ్వకు కాస్త ధైర్యం వచ్చి, వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. "కింద ఏముంది నాయనా?" అని లాంచి మనిషిని అడిగింది.

"వూళ్ళు, మామ్మా. పుల్లారెడ్డిగూడెమని ఒకటి వుండేది. మావాళ్ళ పొలం, చింతచెట్టు, అన్నీ కిందనే వున్నాయి," అన్నాడతను, చుక్కాని మీది నుంచి చూపు తిప్పకుండా.

అవ్వ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నది. ఒడ్డు చేరేదాకా మాట్లాడలేదు.

ద్వీపంలో పాత కోటగోడ దాటి మ్యూజియం చూశాం. రాతి శిల్పాలు నాకు బాగా నచ్చాయి. అవ్వ మాత్రం వాటిని ఊరికే చూసి నడిచింది. లోయ నుంచి తెచ్చి పేర్చిన స్నానఘట్టం దగ్గర చాలాసేపు నిలబడింది. తిరుగు లాంచికి వేళయినప్పుడు నీటి అంచుకు దిగి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మరచెంబు నింపింది. "మూత బిగించు," అని నా చేతికిచ్చింది. వేళ్ళు నొప్పి పుట్టేదాకా బిగించాను.

గుత్తిలో ఆ నీళ్ళు మా వీధివాళ్ళందరికీ ఉద్ధరిణెడు చొప్పున పంచింది.

శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలవ మీదుగా కృష్ణనీళ్ళు మా జిల్లాకు వచ్చింది 2012లో. అప్పటికి అవ్వ లేదు. మరచెంబు మా ఇంట్లోనే వుంది.